65,000 యూరోల జీతంతో మ్యూనిక్‌లో ముగ్గురం బతకగలమా? నెల ఖర్చు లెక్క చెప్పండి

వరంగల్_వేణు | 11 అక్టోబర్ 2025, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో పదకొండేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మ్యూనిక్‌లోని ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. ఏడాదికి 65,000 యూరోలు, బ్లూ కార్డ్ (చదువు, నైపుణ్యం ఉన్న విదేశీ ఉద్యోగులకు ఇచ్చేది) వీసా. నేను, నా భార్య, నాలుగేళ్ల పాప వెళ్లాలి.

యూరో 102 రూపాయలు దాటింది కాబట్టి ఇంట్లో అందరూ "అరవై ఆరు లక్షలు" అని లెక్క వేసుకుని కూర్చున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. మియాపూర్ ఫ్లాట్‌కు నెలకు 55,000 ఈఎంఐ ఉంది. ఊళ్లో అమ్మానాన్నలకు నెలకు 20,000 పంపాలి. ఈ రెండూ ఆగకూడదు.

ఇంటర్నెట్‌లో ఒకరు నెలకు 2,000 యూరోలు చాలంటారు, ఇంకొకరు 4,500 లేకపోతే కష్టమంటారు. అక్కడ ఉంటున్నవాళ్లు మీ ఇంటి లెక్క ఉన్నదున్నట్టు చెబితే చాలా సాయం చేసినవాళ్లవుతారు. ఈ నెలాఖరులోగా సంతకం పెట్టాలి.

---

గార్చింగ్_కుర్రాడు | 11 అక్టోబర్ 2025, రాత్రి 10:15

అన్నా, నేను విద్యార్థిని, నా లెక్క మీకు పనికిరాదు. అయినా ఇక్కడ ఖర్చు కనీసం ఎంత ఉంటుందో తెలుస్తుందని చెబుతున్నా. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతే అని తీసుకోనిచ్చే ఖాతాలో, ఏడాదికి 11,904 యూరోలు చూపించమంటారు, అంటే నెలకు 992. మ్యూనిక్‌లో ఆ 992 ఒక్కడికే బొటాబొటీ. నాకు హాస్టల్ గది దొరికింది కాబట్టి 390తో పోతోంది. బయట షేరింగ్‌లో ఉండే నా ఫ్రెండ్ ఒక్క గదికే 760 కడుతున్నాడు. విద్యార్థుల ఆరోగ్య బీమా 145 దాకా, తిండికి 180, ఫోన్ 10. విద్యార్థులకు బస్సు, రైలు రాయితీ టికెట్ 2025లో నెలకు 38. ఎంత జాగ్రత్తగా ఉన్నా 800 దాటుతుంది.

ముగ్గురికి 2,000 అని ఎవరన్నా చెబితే అది చాలా పాత లెక్క అనుకోండి.

---

పెర్లాఖ్_సుధ | 12 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 1:05

వేణు గారూ, మేం మ్యూనిక్‌లోని నోయ్‌పెర్లాఖ్‌లో ఉంటాం. మేమూ ముగ్గురమే, బాబుకు అయిదేళ్లు. ఇంటి ఖర్చు ఐదేళ్లుగా నోటుబుక్కులో రాస్తున్నాను కాబట్టి సెప్టెంబర్ నెలది చూసి చెబుతున్నా.

మా ఇల్లు 62 చదరపు మీటర్లు. అద్దె 1,480. ఇది 2020లో తీసుకున్న ఇల్లు, ఆ సంగతి మర్చిపోవద్దు. ఈ 1,480 వార్మ్‌మీటె, అంటే హీటింగు, నీళ్లు, చెత్త, మెట్లు తుడవడం అన్నీ కలిపి. ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనిపించేది కాల్ట్‌మీటె, ఉత్త గోడల అద్దె. అది చూసి మోసపోకండి, దానిమీద ఇంకో 250, 350 చేరుతుంది. కరెంటు బిల్లు మాత్రం వార్మ్‌మీటెలో కూడా ఉండదు. మాకు నెలకు 72. పొయ్యి కూడా కరెంటుదే కదా.

ఇంటర్నెట్, మా ఇద్దరి ఫోన్లు కలిపి 58. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకు 18.36 రేడియో-టీవీ రుసుము కట్టాల్సిందే. మూడు నెలలది ఒకేసారి 55.08 అని ఉత్తరం వస్తుంది, చూసి కంగారుపడకండి. ఇద్దరికీ డాయిచ్‌లాండ్‌టికెట్, అంటే దేశమంతా బస్సులు, ప్రాంతీయ రైళ్లలో చెల్లే నెల పాసు, 2025లో 58 చొప్పున 116. 2026 జనవరి నుంచి ఒక్కొక్కటి 63 అవుతుంది. ఆరేళ్లు నిండని పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

సూపర్ మార్కెట్ ఖర్చు 480. పాలు, పెరుగు, కూరగాయలు, పండ్లు, వారానికోసారి చికెన్. ఇండియన్ షాపులో 95. సోనా మసూరి పది కిలోల సంచి 24 యూరోలు, మాకు నెలన్నర వస్తుంది. కరివేపాకు చిన్న కట్ట రెండు యూరోలు, అందుకని నేను ఆరబెట్టి దాచుకుంటా. బాబు మున్సిపల్ కిండర్‌గార్టెన్‌కు వెళ్తాడు. ఫీజు లేదు, భోజనానికి 110. ఇతరులకు నష్టం జరిగితే కట్టే చిన్న బీమా ఒకటి అందరూ తీసుకుంటారు, దానికీ ఇంకో దానికీ కలిపి 9. బట్టలు, బూట్లు, మందులు, పిల్లల పుట్టినరోజు బహుమతులు 130. బయట తిండి 110, అదీ నెలకు రెండుసార్లే.

మొత్తం సుమారు 2,680.

ఇప్పుడు కొత్తగా ఇల్లు వెతికేవాళ్లకు మాకు దొరికిన అద్దెకు దొరకదు. మా బిల్డింగులోనే పోయిన నెల ఇలాంటి ఇల్లే 1,850కి ఇచ్చారు. మా లెక్కలో ఆ తేడా 370 కలపండి, 3,050 అవుతుంది.

---

ఇజార్_ఒడ్డు | 12 అక్టోబర్ 2025, సాయంత్రం 6:30

వేణు తమ్ముడూ, నేను 2011 నుంచి ఇక్కడే ఉన్నాను. సుధమ్మ ఖర్చు చెప్పింది కాబట్టి నేను రాబడి వైపు చెబుతాను.

65,000ను నూటితో గుణించడం ముందు ఆపేయండి. నెలకు 5,416 అనుకుంటే అందులో పింఛను, నిరుద్యోగ బీమా, ఆరోగ్య బీమా, వృద్ధాప్య సంరక్షణ బీమా కలిపి 1,100 పైన పోతుంది. ఆ తర్వాత ఆదాయపు పన్ను. జీతంలోంచి నెలనెలా ఎంత పన్ను కోయాలో టాక్స్ క్లాస్‌ను బట్టి ఉంటుంది. భార్య ఉద్యోగం చేయకపోతే మీకు మూడో టాక్స్ క్లాస్ వస్తుంది, చేతికి సుమారు 3,700. మొదటి క్లాస్‌లో ఉంటే 3,300 దగ్గర ఆగిపోతుంది. మూడో క్లాస్ కావాలంటే భార్య జర్మనీలోనే ఉండాలి. ఆమె ఇండియాలో ఉన్నన్నాళ్లూ మీరు పెళ్లయినా మొదటి క్లాసే. ఇది చాలామందికి తెలియక మొదటి జీతం చూసి హతాశులవుతారు. అదే ఏడాదిలో ఆమె వచ్చి ఇక్కడ నమోదు చేసుకుంటే, తర్వాత ఇద్దరూ కలిసి టాక్స్ రిటర్న్ వేసి ఆ తేడాలో చాలా భాగం వెనక్కి తెచ్చుకోవచ్చు.

పాపకు కిండర్‌గెల్డ్, అంటే పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు, 2025లో నెలకు 255 వస్తుంది. దరఖాస్తు ఆలస్యమైతే వెనక్కి ఆరు నెలలకే ఇస్తారు, దిగగానే వేయండి. అంటే నెలకు మొత్తం 3,955.

సుధమ్మ లెక్క ప్రకారం 3,050 తీసేస్తే 905 మిగులుతుంది. ఏడాదికోసారి ముగ్గురూ ఊరెళ్లి రావడానికి నెలకు 200 పక్కన పెట్టాలి. మీ ఈఎంఐ 55,000 అంటే దాదాపు 540. అమ్మానాన్నలకు పంపేది 196. కూడి చూడండి. నెలకు 30 యూరోలు తక్కువ పడుతుంది. జ్వరం రాకుండా, వాషింగ్ మెషిన్ చెడకుండా ఉన్న నెల సంగతి ఇది.

మిమ్మల్ని రావద్దని చెప్పడం లేదు. ఈ లెక్క హైదరాబాద్‌లో ఉండగానే కళ్లముందు ఉండాలని చెబుతున్నా.

---

కూకట్‌పల్లి_2023 | 12 అక్టోబర్ 2025, రాత్రి 8:12

నేను మ్యూనిక్‌లో నాలుగేళ్లు ఉండి 2023లో తిరిగొచ్చేశాను. ఈఎంఐ ఉన్నవాళ్లు ఈ జీతానికి అక్కడికి వెళ్లకూడదని గట్టిగా చెబుతాను. వేణు గారూ, మీకు పదకొండేళ్ల అనుభవం ఉంది, హైదరాబాద్‌లో ముప్పై లక్షల పైనే వస్తూ ఉంటుంది కదా. ఇక్కడ అమ్మానాన్నలు నాలుగు గంటల దూరంలో ఉంటారు. మా నాన్నకు గుండె ఆపరేషన్ అన్నప్పుడు నాకు టికెట్ దొరికి ఆసుపత్రికి చేరేసరికి మూడో రోజు అయింది. ఆ టికెట్ 1,300 యూరోలు. ఆ మూడు రోజులు ఎలా గడిచాయో నేను ఏ లెక్కలోనూ రాయలేను.

---

పెర్లాఖ్_సుధ | 12 అక్టోబర్ 2025, రాత్రి 9:03

@కూకట్‌పల్లి_2023 అన్నగారూ, మీ బాధ అర్థమైంది. మా అత్తగారు పోయినప్పుడు మాకూ అలాగే జరిగింది. కానీ ఇక్కడ డబ్బులో కనిపించనివి కొన్ని ఉన్నాయి, అవీ చెప్పాలి. మావారి ఆరోగ్య బీమాలోనే నేనూ బాబూ పైసా అదనంగా లేకుండా ఉన్నాం. బాబుకు రెండేళ్ల కిందట నిమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, నేను పక్కనే ఉన్నాను. బిల్లు అనేది మా చేతికి రాలేదు. హైదరాబాద్‌లో స్కూలు ఫీజు ఎంతో మీకు తెలుసు. ఇక్కడ బడి ఉచితం. కుళాయి నీళ్లు నేరుగా తాగుతాం. మ్యూనిక్‌కు నీళ్లు ఎక్కువగా మాంగ్‌ఫాల్ లోయ నుంచి వస్తాయి, క్యాన్ కొనే పనే లేదు.

---

కూకట్‌పల్లి_2023 | 12 అక్టోబర్ 2025, రాత్రి 9:20

అక్కా, అవన్నీ నిజమే, కాదనను. మా అమ్మాయి అక్కడి బడిని ఇప్పటికీ తలుచుకుంటుంది. నా మాట ఒక్క ఈఎంఐ గురించే. యూరోల్లో సంపాదిస్తూ రూపాయల అప్పు కట్టేటప్పుడు మొదటి ఏడాది నిద్ర ఉండదు.

---

కరీంనగర్_సిస్టర్ | 13 అక్టోబర్ 2025, ఉదయం 7:45

నైట్ డ్యూటీ ముగించుకుని రాస్తున్నా. నేను ఇక్కడ నర్సుని. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మన్ నేర్చుకుని వచ్చాను. అర్హత గుర్తింపు వచ్చేదాకా సహాయకురాలి జీతమే ఇచ్చారు, ఇప్పుడు చేతికి 2,300 దాకా వస్తోంది. ఆసుపత్రి సిబ్బంది క్వార్టర్స్‌లో గది 450. అందుకే నేను ఇంటికి నెలకు 900 పంపగలుగుతున్నాను. బయట ఇల్లు తీసుకుని ఉంటే సగం కూడా పంపలేను.

ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. అన్‌మెల్డుంగ్ ఫారంలో, అంటే ఊళ్లో నివాసం నమోదు చేసుకునే కాగితంలో, మతం అని ఒక గడి ఉంటుంది. అక్కడ క్యాథలిక్ అనో ప్రొటెస్టెంట్ అనో రాస్తే చర్చి పన్ను మొదలవుతుంది. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో అది మీ ఆదాయపు పన్నులో 8 శాతం. నేను తెలిసే రాశాను, నెలకు ముప్పై యూరోల పైన పోతుంది, ఇష్టంగానే ఇస్తున్నాను. నాతో వచ్చిన ఇద్దరికి మాత్రం జీతం చీటీ చూసేదాకా తెలియదు. ముందే తెలిసి ఉంటే మంచిది కదా.

---

ఆగ్స్‌బర్గ్_రైలు | 13 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 12:50

మ్యూనిక్ ఉద్యోగం అంటే మ్యూనిక్‌లోనే ఉండాలని లేదు. మేం ఆగ్స్‌బర్గ్‌లో ఉంటాం. 74 చదరపు మీటర్లు, వార్మ్‌మీటె 1,190. ప్రాంతీయ రైలులో ముప్పావు గంట పైన పడుతుంది. డాయిచ్‌లాండ్‌టికెట్ ఆ రైళ్లలో చెల్లుతుంది, వేగంగా వెళ్లే ఐసీఈలో చెల్లదు. నేను వారానికి మూడు రోజులే ఆఫీసుకు వెళ్తాను కాబట్టి సరిపోయింది. ఐదు రోజులూ వెళ్లాలంటే మాత్రం బాగా ఆలోచించండి, రైళ్ల ఆలస్యం వల్ల సాయంత్రం పాపను తెచ్చుకునే టైముకు చేరలేని రోజులు చాలా ఉంటాయి.

ఆఫర్ లెటర్‌లో వారానికి ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలో రాతపూర్వకంగా అడగండి. నెలకు 600 యూరోల తేడా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

---

వరంగల్_వేణు | 13 అక్టోబర్ 2025, రాత్రి 10:30

ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఇజార్ అన్న వేసిన లెక్కను మా ఆవిడా నేనూ కాగితం మీద మళ్లీ వేసుకున్నాం. ఆ 30 తక్కువ దగ్గర ఇద్దరం చాలాసేపు మాట్లాడలేదు.

రెండు ప్రశ్నలు. దిగగానే చేతిలో ఎంత ఉండాలి? ఇల్లు ఇక్కడి నుంచే ఆన్‌లైన్‌లో మాట్లాడుకోవచ్చా? ఒక వెబ్‌సైటులో మ్యూనిక్‌లోని ష్వాబింగ్ ప్రాంతంలో రెండు గదుల ఇల్లు 950కే ఉంది. ఓనర్ ఇప్పుడు వేరే దేశంలో ఉన్నారట, అడ్వాన్స్ పంపితే తాళాలు పోస్టులో పంపుతామన్నారు.

---

గార్చింగ్_కుర్రాడు | 13 అక్టోబర్ 2025, రాత్రి 10:34

అన్నా, పంపొద్దు! ఒక్క యూరో కూడా పంపొద్దు. పాస్‌పోర్టు కాపీ కూడా ఇవ్వొద్దు. సరిగ్గా ఇదే కథతో నా రూమ్మేట్ 1,400 పోగొట్టుకున్నాడు. ష్వాబింగ్‌లో 950కి ఇల్లు దొరకదు.

---

ఇజార్_ఒడ్డు | 14 అక్టోబర్ 2025, ఉదయం 6:55

గార్చింగ్ తమ్ముడు చెప్పింది అక్షరాలా పాటించండి. ఇల్లు చూడకుండా, ఒప్పందం మీద సంతకం కాకుండా డబ్బు పంపకూడదు. ఇక్కడ ఈ దొంగతనం ఏళ్లుగా నడుస్తోంది. బలయ్యేది ఎక్కువగా బయటి దేశాల నుంచి వచ్చేవాళ్లే.

ఇక చేతిలో ఎంత ఉండాలో చెబుతాను. ఇది నెల ఖర్చు కన్నా ముఖ్యం. నా పరిచయస్తుల్లో ఇబ్బంది పడినవాళ్లంతా మొదటి మూడు నెలల్లో పడ్డవాళ్లే, ఆ తర్వాత ఎవరూ పడలేదు.

దిగగానే మీకు శాశ్వతమైన ఇల్లు దొరకదు. ఓనర్లు మూడు జీతం చీటీలు అడుగుతారు, షూఫా అనే అప్పుల చరిత్ర కాగితం అడుగుతారు. కొత్తగా వచ్చినవాళ్ల దగ్గర రెండూ ఉండవు. అందుకని సామాన్లతో సహా ఇచ్చే తాత్కాలిక ఇల్లు తీసుకోవాలి, ముగ్గురికి నెలకు 1,900 నుంచి 2,300 అవుతుంది. అన్‌మెల్డుంగ్‌కు ఒప్పుకునే ఇల్లే తీసుకోండి. ఓనర్ సంతకం చేసిన నివాస ధ్రువీకరణ లేకపోతే నమోదు లేదు. నమోదు లేకపోతే టాక్స్ నంబరు రాదు. ఆ నంబరు కంపెనీకి అందకపోతే ఆరో క్లాస్‌లో పన్ను కోసేసే అవకాశం ఉంది. నా మొదటి జీతం అలా దాదాపు సగమే వచ్చింది. తర్వాత సర్దుబాటు చేశారనుకోండి, కానీ ఆ నెల ఒక స్నేహితుడి దగ్గర అప్పు చేసి అద్దె కట్టాను.

తర్వాత అసలు ఇల్లు. కావ్‌ట్సియోన్, అంటే అడ్వాన్స్, గరిష్ఠంగా మూడు నెలల కాల్ట్‌మీటె. 1,500 అనుకుంటే 4,500. దీన్ని మూడు సమాన వాయిదాల్లో కట్టే హక్కు చట్టమే ఇచ్చింది, అడగడానికి మొహమాటపడకండి. ఆ నెల అద్దె 1,850. ఇంకోటి, మనవాళ్లు ఊహించనిది. ఇక్కడ చాలా ఇళ్లు వంటగది లేకుండా ఇస్తారు. గోడలోంచి నీటి గొట్టం బయటికి ఉంటుంది, అంతే. సింకు, పొయ్యి, అరలు అన్నీ మనమే కొనాలి, లేదా ఖాళీ చేసి వెళ్లేవాళ్ల దగ్గర పాతవి తీసుకోవాలి. పాతవైనా 1,000 దాకా, కొత్తవైతే 2,500 పైన. మంచాలు, పరుపులు, వాషింగ్ మెషిన్, లైట్లు. అవును, లైట్లు కూడా ఉండవు, సీలింగ్‌కు వైర్లు వేలాడుతుంటాయి.

అన్నీ కూడితే 11,000, 12,000 యూరోలు. మీ భాషలో పదకొండు, పన్నెండు లక్షల రూపాయలు. అది చేతిలో లేకుండా కుటుంబాన్ని తీసుకురావద్దు.

---

బెర్లిన్_భీమవరం | 14 అక్టోబర్ 2025, మధ్యాహ్నం 2:20

బెర్లిన్ సంగతి కూడా చూడండి. ఇక్కడ 2018 ఆగస్టు నుంచి కీటాలకు, అంటే బడి వయసు రాని పిల్లల్ని చూసుకునే కేంద్రాలకు, ఫీజు లేదు, ఏడాది పిల్లలకు కూడా. భోజనానికి నెలకు 23 యూరోలే. అద్దెలు మ్యూనిక్ కన్నా కొంచెం తక్కువ, కానీ ఇల్లు దొరకడం అంతే కష్టం. మా ఇల్లు దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఒకే జీతం వస్తుందంటే బెర్లిన్ మేలు. అయితే మ్యూనిక్‌లో ఇచ్చే జీతం ఇక్కడ అన్ని కంపెనీలూ ఇవ్వవు.

---

పెర్లాఖ్_సుధ | 14 అక్టోబర్ 2025, సాయంత్రం 5:40

ఇజార్ అన్నయ్య చెప్పినదానికి ఒకటి కలుపుతాను. వార్మ్‌మీటె కట్టేశాం కదా, అయిపోయింది అనుకోకండి. హీటింగుకు నెలనెలా కట్టేది అంచనా మాత్రమే. ఏడాది చివర లెక్క చూసి తేడా అడుగుతారు. 2022 చలికాలంలో గ్యాస్ ధరలు పెరిగాయి కదా, ఆ ఏడాది లెక్క వచ్చినప్పుడు మాకు 640 యూరోలు కట్టమని కాగితం వచ్చింది. ఆ నెల ఊరెళ్లడానికి దాచిన డబ్బు తీసి కట్టాం. తర్వాత అద్దెదారుల సంఘంలో, మీటర్‌ఫెరైన్ అంటారు, సభ్యులమై ఆ లెక్క చూపించుకున్నాం. లిఫ్టు ఖర్చు రెండుసార్లు వేశారని తేలింది. 118 వెనక్కి వచ్చింది. ఆ సంఘం సభ్యత్వానికి పెట్టే డబ్బు వృథా కాదు.

ఒప్పందంలో ఇండెక్స్‌మీటె అనే మాట ఉందేమో చూడండి. అది ఉంటే ధరల సూచీ పెరిగినదాన్ని బట్టి ఏడాదికోసారి అద్దె పెంచవచ్చు. మా చెల్లెలి ఇంట్లో అలా మూడుసార్లు పెంచారు.

వేణు గారి భార్యకు కూడా ఒక మాట. బ్లూ కార్డ్ మీద వచ్చినవారి భార్యకు మొదటి రోజు నుంచే ఉద్యోగం చేసే హక్కు ఉంది, వీసాకు జర్మన్ పరీక్ష కూడా అక్కర్లేదు. కానీ భాష రాకుండా వస్తే మొదటి ఏడాది ఇంట్లోనే గడిచిపోతుంది. నాకు అలాగే అయింది, ఇప్పటికీ బాధే. హైదరాబాద్‌లో ఉండగానే జర్మన్ మొదటి రెండు స్థాయిలు ఏ1, ఏ2 చదివి రమ్మనండి. నేను ఇప్పుడు ఒక బేకరీలో మినీజాబ్, అంటే జీతానికి పరిమితి ఉండే చిన్న ఉద్యోగం, చేస్తున్నా. 2025లో నెలకు 556 దాకా సంపాదించినా మావారి బీమాలోనే ఉండవచ్చు. మా ఊరి టికెట్లన్నీ ఆ డబ్బుతోనే కొంటున్నాం.

---

వరంగల్_వేణు | 14 అక్టోబర్ 2025, రాత్రి 11:10

@పెర్లాఖ్_సుధ అక్కా, మీ పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె బీకాం చేసి ఆరేళ్లు అకౌంట్స్‌లో పనిచేసింది, పాప పుట్టాక మానేసింది. "నేను ముందు భాష నేర్చుకుంటాను, నువ్వు ముందు వెళ్లు" అంది. పాపను వదిలి నేను ఒక్కడినే వెళ్లడం నాకు మింగుడుపడటం లేదు.

---

కరీంనగర్_సిస్టర్ | 15 అక్టోబర్ 2025, ఉదయం 8:20

అన్నా, నేను మా బాబును మా అమ్మ దగ్గర వదిలి పద్నాలుగు నెలలు ఒంటరిగా ఉన్నాను. వాడికి అప్పుడు మూడేళ్లు. చాలా కష్టం, అబద్ధం చెప్పను. అయితే తేదీ పెట్టుకుని వెళ్లండి. ఫలానా నెలలో వస్తారని పాపకు క్యాలెండర్‌లో చూపించండి. నాకు తేదీ లేదు, అందుకే అంత బాధ పడ్డాను.

---

ఇజార్_ఒడ్డు | 15 అక్టోబర్ 2025, సాయంత్రం 7:15

సిస్టర్ చెప్పినట్టే చేయండి. నాలుగైదు నెలలు చాలు. ఒక్కరే అయితే 750కి గది తీసుకుని, మొదటి క్లాస్ జీతంలోనూ నెలకు 1,200 పైన మిగిల్చి అడ్వాన్స్ కూడబెట్టవచ్చు. మూడు జీతం చీటీలు చేతికొచ్చాక ఇల్లు వెతకడం సులువు. మియాపూర్ ఫ్లాట్ ఖాళీగా ఉంచకండి. పాతిక వేల అద్దె వచ్చినా ఇక్కడి లెక్కలో 245 యూరోలు, మీ 30 లోటు పోయి 200 పైన మిగులుతుంది. ఆ అద్దెను ఇక్కడి టాక్స్ రిటర్న్‌లో చూపించాలి, దాచకండి.

అమ్మానాన్నలకు పంపేది కూడా రిటర్న్‌లో చూపించవచ్చు. వాళ్లు పనిచేసే వయసు దాటి, వేరే ఆదాయం లేనివాళ్లయితే కొంత మినహాయింపు ఇస్తారు. భారతదేశానికి ఆ పరిమితి బాగా తగ్గిస్తారు, అయినా వచ్చిందే చాలు. 2025 నుంచి బ్యాంకు ద్వారా నేరుగా వాళ్ల ఖాతాకు పంపినదే ఒప్పుకుంటారు. తమ్ముడి ఖాతాకు పంపి అమ్మకు ఇమ్మనడం లాంటివి ఇక పనికిరావు.

ఇంకో మాట. కంపెనీ వాళ్లను అడగండి. జీతం పెంచకపోయినా, మకాం మార్పు ఖర్చు కిందో తాత్కాలిక ఇంటి కిందో ఏదో ఒకటి ఇచ్చే అవకాశం ఉంది. నన్ను 2011లో అడగమని చెప్పేవాళ్లు లేరు.

---

వరంగల్_వేణు | 29 అక్టోబర్ 2025, రాత్రి 9:05

అందరికీ నమస్కారం. ఈ రోజు సంతకం పెట్టాను.

ఇజార్ అన్న చెప్పినట్టు అడిగాను. జీతం పెంచలేదు. మూడు నెలలు ఉండటానికి తాత్కాలిక ఇల్లు ఇస్తామన్నారు, అన్‌మెల్డుంగ్‌కు అభ్యంతరం లేదని మెయిల్‌లో రాసిచ్చారు. వారానికి రెండు రోజులే ఆఫీసు, అదీ రాతలోనే ఉంది. కాబట్టి ఆగ్స్‌బర్గ్, ఫ్రైజింగ్ వైపు కూడా వెతుకుతాను.

నేను ఫిబ్రవరి 1న చేరాలి. మా ఆవిడ, పాప జూన్‌లో వస్తారు. మా ఆవిడ అమీర్‌పేటలో జర్మన్ క్లాసుల్లో చేరింది. ఫ్లాట్‌కు 24,000కి అద్దెకు వచ్చేవాళ్లు కుదిరారు. పాప గదిలో క్యాలెండర్ తగిలించాం సిస్టర్, జూన్ పేజీ మీద విమానం బొమ్మ తనే గీసుకుంది.

@కూకట్‌పల్లి_2023 అన్నా, మీ మాట మర్చిపోలేదు. ఇక్కడి జీతంలోంచి రెండు లక్షలు నాన్న పేరున పక్కన పెట్టాను. అత్యవసరంగా రావాల్సి వస్తే టికెట్ కోసమే, ఇంక దేనికీ తీయం.

చివరగా ఒక చిన్న ప్రశ్న. ఇంట్లో కుక్కర్, పెనం, ఇడ్లీ పాత్ర సర్దుతోంది మా ఆవిడ. అక్కడి పొయ్యి మీద పనిచేస్తాయా?

---

కూకట్‌పల్లి_2023 | 29 అక్టోబర్ 2025, రాత్రి 9:31

మంచి పని చేశారు. ఆ డబ్బు మాత్రం కదపకండి. క్షేమంగా వెళ్లిరండి.

---

పెర్లాఖ్_సుధ | 29 అక్టోబర్ 2025, రాత్రి 10:02

చాలా సంతోషం వేణు గారూ! అల్యూమినియం కుక్కర్ తేవద్దు. చాలా ఇళ్లలో గాజు పలక పొయ్యి ఉంటుంది, కొన్నింట్లో ఇండక్షన్. అడుగు చదునుగా ఉన్న స్టీలు కుక్కర్, మూడు లీటర్లది, ఇండక్షన్‌కు పనికొచ్చేది తెచ్చుకోండి, రెండు చోట్లా నడుస్తుంది. రెండు రబ్బర్ గాస్కెట్లు, ఒక విజిల్ అదనంగా తెండి, ఇక్కడ దొరకడం కష్టం. ఇడ్లీ పాత్రకు రేకులు మాత్రం తెచ్చుకుంటే చాలు, గిన్నె ఇక్కడ ఏదైనా సరిపోతుంది. మిక్సీ తెచ్చుకోవచ్చు, వోల్టేజీ ఒకటే, ప్లగ్ మార్చుకుంటే సరి.

పాపకు చలి బట్టలు, మంచు బూట్లు అక్కడ కొనకండి. ఇక్కడి పిల్లల పాత బట్టల సంతలో ఐదు, పది యూరోలకు మంచివి దొరుకుతాయి. మా బాబువి చిన్నవైపోయిన బూట్లు రెండు జతలు ఉన్నాయి, పాప కాలి సైజు పంపండి, తీసి ఉంచుతాను.